ఖాళీగా వదిలిన గీత

బామ్మర్దికి,

నా అక్షరాలు కోడి గెలికినట్టుంటాయి, తప్పులు కూడా ఉంటాయి, మన్నించు. నాది ఊరి బడి చదువని నీకు తెలుసు. కంప్యూటర్లో రాస్తుంటే ప్రతి వాక్యమూ చెరిపేస్తున్నాను. అందుకే పెన్ను పట్టాను.

వెబ్‌సైట్లు కట్టే మన చట్రాన్ని, అదే మన ఫ్రేమ్‌వర్క్‌ని, ఇలాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లను చూసుకునే ఒక పెద్ద ఫౌండేషన్‌కు అప్పగిస్తున్నాను. నేను పనిచేసిన లైబ్రరీ కోసం మనిద్దరం మొదలెట్టి, ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు అని బయట పెట్టాం కదా. ఇప్పుడు నాలుగు వందల చోట్ల వాడుతున్నారు. మొన్న కంటి ఆపరేషనై పది రోజులు పడుకున్నాను. సరిగ్గా అప్పుడే అందులో దొంగలు దూరే కన్నం ఒకటి బయటపడింది. దాన్ని మార్చే తాళాలన్నీ నా ఒక్కడి దగ్గరే. పూడ్చే దిక్కు లేక అందరూ చేతులు కట్టుకు కూర్చున్నారు. ఇక నా ఒక్కడితో కాదని అప్పుడు తెలిసింది.

ఫౌండేషన్ వాళ్లు ఒక కాగితం పంపారు. కోడ్‌లో నా పేరున ఉన్న ప్రతి వరుసా నేనే రాశానని సంతకం పెట్టాలి. అక్కడ చెయ్యి ఆగింది.

ఏ చిరునామా అడిగితే ఏ పేజీ చూపాలో తేల్చే భాగం నువ్వు రాసింది. ఎనిమిదేళ్ల కిందట మెయిల్లో పంపావు. నేను వరుసల మధ్య ఖాళీలు మాత్రం సర్ది, నా కంప్యూటర్ నుంచి ఎక్కించాను. ఎక్కించినవాడి పేరే దాని మీద పడింది. ఆ సాయంత్రమే చూశాను. దిద్దేలోపే దాని కింద ఎవరో "పెద్దాయన బుర్రే బుర్ర" అని రాశారు. మొహమాటంతో ఊరుకున్నానని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆ పొగడ్త తీపిగా ఉంది. నెల తిరక్కుండా నువ్వు మా ఇంటికి రావడం మానేశావు. ఎందుకని మీ అక్క అడిగితే, పనుల్లో ఉన్నాడన్నాను.

ఫౌండేషన్‌లో ఈ పని చూసే అమ్మాయి ఫోన్లో, "పాతవన్నీ ఎవరు తవ్వుతారండీ, పెట్టేయండి సార్" అంది. పెట్టలేదు. మీ అక్కకు చెప్పేశాను.

"మీ నోట్లో నువ్వుగింజ నానుతుందని తెలుసు గానీ, ఎనిమిదేళ్లు ఏనుగు నానుతుందనుకోలేదు! తమ్ముణ్ణి నా గుమ్మం తొక్కనీయకుండా చేసి, పైగా వాడికి పొగరని నాతోనే అనిపించారు కదండీ!" అంది. ఆ పూట నాకు వడ్డించి, తన కంచం వంటింట్లోకి తీసుకెళ్లింది.

నిన్న వాడేవాళ్లందరికీ జరిగింది జరిగినట్టు రాశాను. ఎవరు ఏది ఎక్కించారో చూపే పాత చిట్టా తిరగరాస్తే అందరి కాపీలూ చెడతాయి. అందుకని రాసినవాళ్ల జాబితాలో ఆ భాగం నీదని కొత్తగా చేర్చాను. ఆ భాగాన్ని ఫౌండేషన్‌కు ఇవ్వడానికి ఒప్పుకుంటూ నువ్వు సంతకం పెట్టాల్సిన కాగితం ఈ కవర్లో ఉంది. ఇష్టం లేకపోతే లేదని రాయి. ఆ భాగం పీకేసి మళ్లీ రాస్తాను. ఆరు నెలలు పడుతుంది. వాళ్లు అంతదాకా ఆగరేమో. ఆగకపోతే పోనీ.

ఇంకొకటి. ఇకమీదట దీన్ని చూసుకునే ముగ్గురి పేర్లు అడిగారు. ఇద్దరివి రాశాను, వాటిలో నాది లేదు. మూడో గీత మీద నీ పేరు రాయబోయి ఆగాను. నిన్ను అడక్కుండా నీది తీసుకోవడం ఒకసారి చేశాను, చాలు. ఖాళీగా వదిలాను. నింపుతావో కొట్టేస్తావో నీ ఇష్టం.

తిట్టాలనుంటే తిట్టు. నెలాఖరులోగా మాత్రం ఏదో ఒకటి రాసి పంపు.

మీ బావ