ఆరు పలకల బుటా

ధర్మవరం

చిన్నాయనా,

నువ్వు హిందూపురం నుంచి పంపిన జరీ సగం చీరకే అయిపోయింది. తప్పు నాదే. ఆరు పలకల బుటాకు ఒక్కో పలకను అంగుళం నుంచి రెండంగుళాలకు పెంచి, జరీ కూడా రెట్టింపు చాలని నీకు రాశాను. చుట్టుకొలత ఆరంగుళాల నుంచి పన్నెండే అయింది గానీ, లోపల నింపడానికి నాలుగింతలు పట్టింది. ముగ్గుపిండితో నేల మీద గీసి చూస్తే, ఆరు చిన్న త్రికోణాలు పట్టే బుటాలో ఇప్పుడు ఇరవై నాలుగు పట్టాయి.

"మిగతావి చిన్నగా నేస్తే ఎవురికి తెలుస్తాది?" అన్నాడు నాయన. నాకు తెలుస్తుంది. అలా నేయను. మొదట పంపినంత జరీ మళ్ళీ పంపు.

మగ్గానికి లెక్కలెందుకని నన్ను తొమ్మిదిలోనే బడి మాన్పించిన నాయన, ఇప్పుడు నేల మీద కూర్చుని ఆ త్రికోణాలను వేలితో లెక్కపెడుతున్నాడు. ఇరవై నాలుగూ వచ్చాయి. నా వైపు మాత్రం చూడడం లేదు.

నీ అన్న కూతురు