రెడ్డిగారి కారు రేడియో మూగబోయిన సంగతి

బేతంచెర్ల
12 నవంబరు 1944, ఆదివారం

నా కుమారుడు జ్ఞానరాజుకు, అమ్మ విశ్వాసమ్మ నుదుట ముద్దుపెట్టి తన చేత్తోనే వ్రాసుకొన్న ఉత్తరం.

నాయనా, ముందు నీ ఒళ్లు ఎట్లున్నది? చలిజ్వరం మళ్లీ తిరగబెట్టిందా? మాత్రలు మింగుతున్నావా, చేదని పారేస్తున్నావా? నీతోపాటు లారీ తోలే బద్వేలు గాబ్రియేలుకు చేతి గాయం మానిందా? వంట చేసే ఏసేపన్నకు దగ్గు తగ్గిందా? నీవున్న చోటు పేరు వ్రాయకూడదంటారు గనుక, రోజూ ప్రార్థనలో ఏ ఊరి పేరు చెప్పాలో తెలియక నీ పటాలం నెంబరే చెబుతున్నాను. ఇక్కడ ప్రభువు దయవల్ల అందరం లేచి తిరుగుతున్నాం. నీ భార్య జీవమ్మ బాగుంది, కొంచెం చిక్కింది. పాప జ్ఞానమణికి రెండు పళ్లు వచ్చాయి, అందరినీ కొరుకుతోంది. నా మోకాళ్లు నీవెరిగినవే.

ఎప్పుడూ జీవమ్మ వ్రాసేది. ఈసారి నేనే వ్రాస్తున్నాను. మిషను రాత్రిబడిలో నేర్చిన అక్షరాలు, వంకరగా ఉంటాయి. ఓపికపట్టి చివరిదాకా చదువు.

కారు రేడియో ఎందుకు పలకడం లేదో చూసేందుకు నీవు వ్రాసి పంపినవన్నీ చేశాం. నీవు తోలిన కారే గదా, దాని గుణం నీకు తెలిసినట్టు ఎవరికి తెలుస్తుంది? పెట్రోలు కరువైనప్పటి నుంచి నారాయణరెడ్డిగారు దాన్ని కొట్టం నుంచి కదిలించలేదు. అయినా సాయంకాలం కారు చూసుకునే కంబన్న తలుపు తీసి రేడియో పెడితే, పటాలానికి బిడ్డలను పంపిన తల్లులం పదిమందిమి కొట్టం ముందర కూర్చునేవాళ్లం. ఇప్పుడు ఆ చోట కోళ్లు తిరుగుతున్నాయి.

ముందు లైట్లు వేసి చూడమన్నావు. జీవమ్మ మీట నొక్కింది. నూనె అయిపోయిన బుడ్డిలాగా ఎర్రగా మినుకుమని ఆరిపోయాయి. ఫ్యూజు గాజుగొట్టంలో తీగె తెగిందేమో చూడమన్నావు. జీవమ్మ దాన్ని ఎండకు పట్టి చూసి, "అత్తా, వెంట్రుకంత తీగె, బాగనే ఉండాది" అన్నది. బ్యాటరీ కొనలకు పట్టిన తెల్ల బూజును వేడినీళ్లతో కడిగి, తుడిచి, మళ్లీ బిగించాం. రేడియో గురగుర కూడా అనలేదు. ఆ తర్వాత నీవు అడిగిన మాటకు కాస్త ఆగి జవాబు వ్రాస్తాను.

ఈరోజు గుడిలో ప్రభువు బల్ల, రొట్టె, ద్రాక్షరసం ఇచ్చారు. నేను తీసుకోలేదు. పోయిన నెల కూడా తీసుకోలేదు. శాంతయ్య పాస్టరుగారు గిన్నె పట్టుకొని నా ముందర నిలబడితే తల వంచుకున్నాను. బయటికొచ్చాక, "ఏమ్మా, ఒంట్లో బాగలేదా?" అని అడిగాడు. మోకాళ్లు నొప్పులయ్యా అన్నాను. మోకాళ్లకూ గిన్నెకూ ఏమి సంబంధమో ఆయన అడగలేదు.

కంబన్న ఎట్లున్నాడని అడిగావు. కంబన్న ఇక్కడ లేడు రాజా. రెడ్డిగారు పనిలోనుంచి తీసేస్తే పాణ్యంలో అక్క ఇంటికి పోయాడు. ఈ సంగతి పోయిన ఉత్తరంలో జీవమ్మ వ్రాయబోతే నేనే వద్దన్నాను.

బ్యాటరీలో నీళ్లు తగ్గాయని, మందుల అంగడిలో అమ్మే సీసా నీళ్లు తెచ్చేందుకు అతను నంద్యాలకు పోయాడు. ఆ రోజు దొరకక మూడు దినాలు అక్కడే తిరిగాడు. సీసా పట్టుకొని వచ్చి బ్యాటరీ మూత తెరిచి చూస్తే అది నిండుగా ఉంది, రేడియో చచ్చి ఉంది.

"నువ్వు తప్ప దాని మూత తీసేదెవరప్పా?" అన్నాడు రెడ్డి.

"నేను ఊర్లోనే లేను గద రెడ్డీ! నా బిడ్డల మీద ఆన."

"మరి దయ్యం పోసిందా? యుద్ధకాలంలో కొత్త బ్యాటరీ యాడ తెచ్చేది?"

నేను చీపురు పట్టుకొని అక్కడే ఉన్నాను. కంబన్న నా వైపు తిరిగాడు. "విశ్వాసమ్మక్కా, నేను ల్యాకుండా పోతినని నీకు తెలుసు గదా, ఒక మాట చెప్పు."

"నా పనిలో నేనుంటినప్పా, నాకేం తెలుసు" అన్నాను.

అతను సీసాను కొట్టం గూట్లో పెట్టి వెళ్లిపోయాడు. రోజూ ఊడ్చేటప్పుడు అది కనబడుతుంది. దాని మూత కూడా ఎవరూ తీయలేదు.

నీవు చివర అడిగిన మాట, బ్యాటరీలో ఎవరు నీళ్లు పోశారు, ఏ నీళ్లు పోశారు అని. నేను పోశాను నాయనా. గుడి బావి నీళ్లు.

అక్టోబరు ఎనిమిదో తారీఖు రేడియోలో నీ గొంతు వస్తుందని నీవు వ్రాసినప్పటినుంచి నాకు నిద్ర లేదు. అప్పటికే రేడియో గొంతు సన్నబడింది. కంబన్న ఆలోగా నంద్యాల నుంచి రాకపోతే నీ మాట నాకు దక్కదేమో అని భయం. అతను నీళ్లు పోయడం చూశాను, నీళ్లంటే నీళ్లే అనుకున్నాను. గుడ్డలో వడగట్టి, ప్రార్థన చేసి, గరిటెతో పోశాను. లోపలి ఘాటు మందు పొర్లితే కొంగుతో తుడిచాను. సున్నపురాతి మీద ఊరిన నీళ్లు, పప్పు కూడా ఉడకదని వానకు పట్టిన నీళ్లు దాచుకునేదాన్ని, ఆ పూట అవి పోయాలని తోచలేదు. ఉతికాక కొంగంతా చిల్లులు. జీవమ్మ అడిగితే ఎలుకలన్నాను.

నా వల్లనే చెడిందని గట్టిగా తెలియదు గదా అని ఇన్నాళ్లు సర్దిచెప్పుకున్నాను. బావినీళ్లు పోస్తే ఆ బ్యాటరీ పని అయిపోయినట్టే అని నీ ఉత్తరంలో చదివాక దాక్కోవడానికి చోటు లేకపోయింది.

మధ్యాహ్నం రెడ్డిగారి వాకిట్లో నిలబడి కొంగు చూపించి చెప్పాను. ఆయన ఇల్లాలు వెంకటలక్ష్మమ్మ గారు, "కొడుకు గొంతు కోసం చేసుకునింది లెండి" అన్నారు. "బ్యాటరీ పోతే పోయె, ఆ మనిషినెందుకు పోగొట్టినావు?" అన్నాడు రెడ్డి. "పో, కంబన్నను పిలుచుకొని రా. వాడు వచ్చినాకనే నువ్వు మళ్లీ చీపురు పట్టుకునేది." ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. జీవమ్మకు ఇంకా చెప్పలేదు, ఈ ఉత్తరం మూసేలోగా చెబుతాను. మీ దొరలు ఉత్తరాలు విప్పి చదువుతారట, చదివితే చదవనీ.

ఆ ఎనిమిదో తారీఖు నీవు రేడియోలో ఏమి మాట్లాడావో ఒక ముక్క వ్రాసి పంపు. జీవమ్మ చదివితే కళ్లు మూసుకొని వింటాను. చలికి చెవులు కప్పుకో. ఆకలి పెట్టుకొని లారీ తోలవద్దు.

కంబన్న వస్తాడో రాడో తెలియదు. మొహం మీద తలుపు వేసినా వాకిట్లోనే కూర్చుంటాను. ఆ చిల్లుల చీరే కట్టుకొని, గూట్లో సీసా చేతపట్టుకొని పోతాను. నోరు రాకపోతే అవే చూపిస్తాను. దాచిపెట్టి పోతే మళ్లీ వెనక్కి తగ్గుతానేమోనని అతనికి ముందే కార్డు వేశాను: ఈ నెల పదహారు, గురువారం, పొద్దుటి రైలుకు వస్తున్నానని.

ఇట్లు,
నీ కోసం, ఇప్పుడు కంబన్న కోసం కూడా మోకరించే
మీ అమ్మ
విశ్వాసమ్మ