పెద్ద నర్సు చాచిన చెయ్యి

అమ్మాయికి, అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ నీ కూతురూ కులాసా. దాన్ని తీసుకెళ్ళడానికి అల్లుణ్ణి పంపవద్దు, అది ఉద్యోగం మానడం లేదు.

ఆసుపత్రిలో దాని పని రక్తం తీయడం కదా. పాత అధికారి ఏటా దాని ముఖమైనా చూడకుండా "బాగానే చేస్తోంది" అని రాసేవాడట. అందరికీ అదే మాట. దాంతో తనకేమీ చేతకాదని దీని మనసులో పాతుకుపోయింది. నేను మెచ్చుకుంటే, "నువ్వు అమ్మమ్మవి, అలాగే అంటావు" అనేది. నిన్న కొత్తగా వచ్చిన పెద్ద నర్సు, పనితీరు చూడాలని తన చెయ్యే చాచి "నాకు తియ్యి" అందట. తీశాక, "చెయ్యి తేలికే తల్లీ, నోరే పెగలదు. గుచ్చేముందు ఒక్క మాట చెప్పు, మనుషులు భయపడతారు" అందట. లోపం చూసి చెప్పింది గనుక మెప్పునూ నమ్మింది నీ కూతురు. ఈ ఉదయం నేను లేపకుండానే లేచి పనికి వెళ్ళింది.

నోరు పెగలకపోవడం మన వైపు గుణం కాదు. మీ అత్తగారిని అడిగి చూడు, ఆవిడ నోరు పెగిలితే చెబుతుంది.

వంటింటి కుళాయి బాగుచేయించారా, ఇంకా కింద గిన్నె పెట్టే నెట్టుకొస్తున్నారా? నా ఉన్ని శాలువా పంపు.

ఆ నర్సు పిల్లాపాపలతో చల్లగా ఉండాలి. పరాయిదై ఉండి దాన్ని నమ్మి తన చెయ్యి దాని చేతికిచ్చింది. మనం ముద్దులే ఇచ్చాం.

మీ ఇద్దరికీ ఆశీస్సులతో,
అమ్మ