కోచ్ గారికి హార్దిక స్వాగతం

9 జనవరి 2011, ఆదివారం

నాచారం రోవర్స్ మళ్లీ ఓడింది. సొంత గ్రౌండ్‌లో 0–3. సెకండ్ డివిజన్ ఫుట్‌బాల్‌లో మాకంటే కింద ఇంకొక్క టీమే ఉంది. దానికి గ్రౌండ్ కూడా లేదు, పాపం.

గేటు దగ్గర ఉపేందరన్న గొంతు చించుకున్నాడు. కోచ్‌ను పీకాలె, ఈ వారంలనే పీకాలె అని. ఉపేందరన్న మా ఫ్యాన్స్ అసోసియేషన్ ప్రెసిడెంట్. నేను జాయింట్ సెక్రటరీ. మా అసోసియేషన్‌లో ప్రెసిడెంట్ కానివాళ్లంతా జాయింట్ సెక్రటరీలే.

13 జనవరి

పీకేశారు.

17 జనవరి, సోమవారం

పోయినాయన గోవా. వచ్చినాయన బెంగాల్. ఉపేందరన్న పొద్దున్నే షాపుకు వచ్చి స్వాగత ఫ్లెక్సీ అర్జెంటు అన్నాడు. నాచారం మెయిన్ రోడ్డు మీద ఫ్లెక్సీ షాపు పెట్టుకున్న పాపానికి ఈ డ్యూటీ నాదే. కష్టమేం లేదు. పాత ఫైల్ ఓపెన్ చేసి, గోవా ఆయన తల తీసి బెంగాల్ ఆయన తల పెట్టాను. కోటు అదే, నమస్కారం అదే, ఎగిరే పావురాలు అవే. పైన ‘కోచ్ గారికి హార్దిక స్వాగతం’. కింద వరుసగా అసోసియేషన్ వాళ్ల ముఖాలు. కుడి చివర కూలింగ్ గ్లాసెస్‌తో నేను. ఏ కోచ్ వచ్చినా మా ముఖాలు మాత్రం మారవు.

సాయంత్రం గోవా ఆయన ఫ్లెక్సీని మా మామ దించుకుపోయాడు. మామ అంటే నా భార్య త్రివేణి వాళ్ల నాన్న, హన్మయ్య. రోవర్స్‌కు అసిస్టెంట్ కోచ్. ఫ్యాక్టరీ టీమ్‌గా ఉన్న రోజుల్లో లెఫ్ట్ బ్యాక్ ఆడేవాడు. ఫ్యాక్టరీ మూతపడి, టీమ్‌ను ఒక బిల్డర్ కొని ప్రొఫెషనల్ చేసినా మామ అక్కడే ఉన్నాడు. కోచ్‌లు వస్తుంటారు, పోతుంటారు. మామ కోన్లు పెడుతుంటాడు, కాళ్లకు పట్టీలు కడుతుంటాడు.

పోయినవాళ్ల ఫ్లెక్సీలన్నీ ఆయన దగ్గరే ఉంటాయి. వాన పడితే గోల్ ముందు బురద కాకుండా పరుస్తాడు. ఎప్పుడూ బోర్లానే. ఎందుకని ఒకసారి అడిగాను. పోయినోళ్లయితే ఏంది అల్లుడా, మనిషి ముఖం తొక్కుతమా అన్నాడు.

13 ఫిబ్రవరి

0–2. బెంగాల్ ఆయన లెఫ్ట్ వింగర్‌ను రైట్‌లో ఆడించాడు. మా పక్కన కూర్చున్న పెద్దాయన దండం పెట్టి లేచి వెళ్లిపోయాడు, ఇంటర్వెల్ కూడా కాలేదు.

6 మార్చి

1–4. నాలుగో గోల్ మేమే వేశాం, మా పోస్టులో. అవతలివాళ్లు వేసినవి మూడే. మాకు దక్కిన ఒక్కటీ వాళ్లు దయతలిచి ఇచ్చిన పెనాల్టీ.

12 మార్చి, శనివారం

బెంగాల్ ఆయన తానే వెళ్లిపోయాడు. మొన్న ఉద్యమంతో టాంక్‌బండ్ వైపు రోడ్లన్నీ బంద్. ఎక్కడ చూసినా ఒకటే మాట, మన కొలువులు మనకే. హబ్సిగూడ ఇరానీ హోటల్లో మీటింగ్ పెట్టి ఉపేందరన్న ఆ మాటను ఫుట్‌బాల్‌కు తగిలించాడు. గోవా వద్దు, బెంగాల్ వద్దు, మన టీమ్‌కు మనోడే కోచ్ గావాలె అన్నాడు. అందరూ నా వైపు చూశారు. నాకు ఛాతీ ఉబ్బింది. అబద్ధం ఎందుకు, బాగా ఉబ్బింది.

13 మార్చి

హెడ్ కోచ్ అవుతావా అని మామను అడిగాను. వద్దన్నాడు. అసిస్టెంట్‌ను ఎవ్వడు పీకడు అల్లుడా, తిట్లన్నీ పెద్ద కుర్సీకే వడ్తయి, నాకు పొద్దుగాల లేసి గ్రౌండ్‌కు పోవుడు ఉంటే సాలు అన్నాడు. బూట్లకు పాలిష్ పెట్టుకుంటూ కూర్చున్నాడు.

త్రివేణి లోపలి నుంచే అందుకుంది. రెండు నెలలకొక్క కోచ్‌ను నమిలి ఊసే మంది మీరు, మా నాయనను జర ఇడిసిపెట్టున్రి అంది.

వాళ్లకు భయం ఎక్కువ. మామ కోచ్ అయితే ఎలా ఉంటుందో ఇద్దరికీ తెలియదు.

17 మార్చి

ఫ్లెక్సీ వేశాను. ‘హెడ్ కోచ్ హన్మయ్య గారికి హార్దిక స్వాగతం.’ కోటు వేసుకున్న ఫొటో మామకు లేదు. రేషన్ కార్డు ఫొటోలో తల తీసి అదే కోటు మీద పెట్టాను. నిజం చెప్పాలంటే అందరికంటే ఆయనకే బాగా కుదిరింది.

పదవి రాకముందే శుభాకాంక్షలు వేయడం మా దగ్గర మామూలే. టికెట్ ఇంకా ఢిల్లీలో ఉండగానే ఇక్కడ కాబోయే ఎమ్మెల్యేకు జేజేలు కొట్టే ఫ్లెక్సీలు ఎన్ని వేయలేదు నేను? నాచారం చౌరస్తాలో ఒకటి, ఉప్పల్ రింగ్ రోడ్డులో ఒకటి కట్టించాం.

18 మార్చి, సాయంత్రం

మామ పొద్దున పాల ప్యాకెట్‌కు వెళ్లి చౌరస్తాలో తనను తాను చూసుకున్నాడు. పాలబూత్ ఆయన చెయ్యి కలిపాడట. ఎవరో శాలువా కప్పారట. టీమ్‌ను కొన్న బిల్డర్, అంటే మా చైర్మన్, కారులోంచి చూసి, జనమే అడుగుతున్నారనుకుని, మధ్యాహ్నానికల్లా పిలిపించి పదవి ఇచ్చేశాడు.

మామ కాదనలేదు. మొత్తం నాచారం ముందర కోటు తొడిగి నిలవెట్టినంక ఎట్ల కాదంట అని త్రివేణితో అన్నాడట. నేను పోసిన టీ మాత్రం తాగలేదు.

27 మార్చి, ఆదివారం

గెలిచాం! 2–1. ఎనభయ్యో నిమిషంలో మామ సబ్‌స్టిట్యూట్‌గా పంపిన మల్లాపూర్ పిల్లగాడే గోల్ కొట్టాడు. ఉపేందరన్న మామను భుజాల మీదికి ఎత్తుకున్నాడు. మామ కింద పడతానేమోనని ఉపేందరన్న జుట్టు పట్టుకున్నాడు. ఇంత సంతోషం నా పెళ్లిరోజు కూడా లేదు. ఇది త్రివేణి చదవకూడదు.

2 ఏప్రిల్

మధ్యాహ్నం మాది 0–0. రాత్రి దేశం వరల్డ్ కప్పు గెలిచింది. ఉప్పల్ అంతా పటాకులు. మా డ్రా కోసం కాదు.

17 ఏప్రిల్

0–1.

24 ఏప్రిల్

0–2. మామ బక్కచిక్కాడు. చౌరస్తా దగ్గర తన ఫ్లెక్సీ కనబడకుండా గల్లీల్లోంచి తిరిగి ఇంటికి వస్తున్నాడని త్రివేణి చెప్పింది.

8 మే, ఆదివారం

0–4.

మూడో గోల్ పడగానే స్టాండ్ మొత్తం లేచింది. నేనూ లేచాను. కోచ్‌ను మార్చున్రి, కోచ్‌ను మార్చున్రి అని అందరూ అరుస్తున్నారు. నేనూ అరిచాను. అలవాటు. ఎన్ని సీజన్ల నుంచి అరుస్తున్నాను, నోరు దానంతటదే తెరుచుకుంది. అరిచేది ఎవరి గురించో గుర్తొచ్చేసరికి మామ వెనక్కి తిరిగి చూశాడు. ఎవరి వైపు చూశాడో తెలియదు.

నా వైపే.

9 మే

ఉపేందరన్న వచ్చాడు. ‘హన్మయ్య గో బ్యాక్’ అని వేయాలట. ఎక్కడికి గో బ్యాక్ అన్నా, ఆయన ఇల్లు మూడో గల్లీలనే ఉన్నది గద అన్నాను. గవన్ని నాకు తెల్వదు, పబ్లిక్ మస్తు గరం మీదున్నరు అన్నాడు. మిషన్ ఖరాబైందని చెప్పి పంపించేశాను.

10 మే

ఆ గో బ్యాక్ ఫ్లెక్సీని రామంతాపూర్‌లో వేయించుకుని వచ్చి, సరిగ్గా నా షాపు ఎదురుగానే కట్టారు. అసోసియేషన్ ఫైల్ అక్కడి షాపు వాళ్ల దగ్గర కూడా ఉంది. కింద వరుసలో అన్ని ముఖాలూ ఉన్నాయి. కుడి చివర కూలింగ్ గ్లాసెస్‌తో నేను.

త్రివేణి షాపుకు టిఫిన్ తెచ్చింది. దాన్ని చూసింది. టిఫిన్ కౌంటర్ మీద పెట్టి వెళ్లిపోయింది. నేను వేయలేదని ఎలా చెప్పను? నా ముఖం నాదే కదా.

ఆమె వెళ్లాక నిచ్చెన వేసుకుని దాన్ని దించాను. చౌరస్తాలో ఉన్న స్వాగతం కూడా దించాను. రెండూ చుట్టి షాపులో మూలకు పెట్టాను.

14 మే

పీకేశారు. కొత్తాయన కేరళ. ఆయన అసిస్టెంట్‌ను తనే తెచ్చుకుంటున్నాడు. కాబట్టి మామకు పాత పని కూడా లేదు.

ఇంతకాలం ఎవరూ కదిలించని మనిషిని పైకెత్తి మరీ పడేశాం. ఎత్తింది నేను. సిగ్గుగా ఉంది.

19 మే, ఉదయం 6

మామ ఇంటికి వెళ్లాను. బూట్లు వేసుకుని, లేసులు కట్టుకుని, గడప మీద కూర్చుని ఉన్నాడు. ఎక్కడికి మామా అన్నాను. ఏడికి లేదు అన్నాడు. రోజూ ఇంతేనట. ఎండ వచ్చాక బూట్లు విప్పేస్తాడట.

22 మే

కేరళ ఆయన ఫ్లెక్సీకి ఉపేందరన్న ఫోన్. పాత ఫైల్‌లో మామ తల ఉంది. తీయడానికి చాలాసేపు పట్టింది. ప్రింట్ అయితే ఇచ్చాను, బతకాలి కదా. నా ముఖం మాత్రం తీసేసి అక్కడ ఒక పావురాన్ని పెట్టాను. ఉపేందరన్న గమనించలేదు.

11 జూన్, శనివారం

ఆకాశం నల్లగా ఉంది. మామ షాపుకు వచ్చాడు, మార్చి తర్వాత ఇదే మొదటిసారి. నా ఫ్లెక్సీ ఏడుంది అల్లుడా, వానొచ్చేటట్టుంది అన్నాడు. స్వాగతం ఉన్న చుట్ట తీసిచ్చాను. మూల వైపు చూసి, గది గుడ ఇయ్యి అన్నాడు. అది వద్దు మామా అన్నాను. గోల్ వెడల్పుకు ఒక్కటి సాలదు, రెండియ్యి అన్నాడు.

గ్రౌండ్‌లోకి రానిస్తారా అని అడిగాను. వాచ్‌మన్‌కు వద్దని ఎవ్వలు చెప్పలేదట.

12 జూన్

వాన. గోల్ ముందు రెండూ పరిచాం, బోర్లా. గాలికి మూల లేస్తుంటే కాలితో అదిమి పట్టబోయాను. మామ నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపాడు. కాలు తియ్యి అల్లుడా, ఆ మూలకు నువ్వున్నవ్ అన్నాడు.