బాణాల గీతల చేప

సోమవారం, పొద్దున్నే
ఇవాళ్టి నుంచి యంగోనా బంద్. సాయంత్రం ఆ వేరు దంచిన నీళ్లు తాగితే పొద్దున లేవలేను. లేవకపోతే చేప దొరకదు.
మనవరాలు వాసెమాదా పట్నంలో చేపల చదువు చదువుతోంది. మన పగడపు దిబ్బ దగ్గర వల వేయకూడదన్న కట్టడిని శుక్రవారం తీసేస్తారని తెలిసి ఫోన్ చేసింది.
"తాతా, ఒళ్లంతా బాణాల్లా గీతలు, నల్ల తోక. బల్లలా పరుచుకున్న పగడం మీదే ఉంటుంది, దాన్నే తింటుంది. అది ఉందంటే దిబ్బ బతికున్నట్టే. నువ్వు చూశానంటే ఊరిపెద్ద కట్టడి ఉంచుతాడు."
ఇదో పనా?

మంగళవారం
దిబ్బ దగ్గర మునిగి చూశాను. కళ్లకు గంతలు కట్టినట్టు నల్ల పట్టీ ఉన్నది ఒకటి. మా వదినలా పొడుగు ముక్కుది ఒకటి. మేం అన్నిటినీ తివితివి అనే అంటాం, హాయిగా.
బల్ల పగడం మీద ఒక పిల్ల చేప. నల్ల పిర్ర, పసుపు తోక. వేలెడంత లేదు, నా మీదికే వచ్చింది. గీతలు లేవు కాబట్టి అది కాదు. పొమ్మన్నాను. పోలేదు.

బుధవారం
ఈత అద్దాల్లోకి నీళ్లు. సగం పూట చాలు.
సాయంత్రం బావమరిది సైరుసీ వచ్చాడు. కూతురి పెళ్లి విందు కోసం కట్టడి తీయించేది వీడే.
"ఏం బావా, నీ చేప నీకు మొహం చాటేసిందా?"
"మీ అక్కకున్న ధైర్యం దానికి లేదురా."
చిప్ప చేతిలో పెట్టాడు. బావమరిది ఇచ్చిన యంగోనా వద్దనడం మా ఊళ్లో లేదు. ఒక్కటే.

గురువారం
ఒక్కటి కాదు.
లేచేసరికి మధ్యాహ్నం. చేపలకూ విశ్రాంతి కావాలి.

శుక్రవారం
"దొరికిందా?" అన్నాడు ఊరిపెద్ద.
"లేదండి."
"మా బావ దుప్పటి కింద వెతికాడండి" అన్నాడు సైరుసీ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, మాట బాగుంది. కట్టడి తీసేశారు. రేపే వలలు.
అప్పుడే పడవ దిగింది వాసెమాదా. "ఏమీ చూడలేదా తాతా?"
"ఒక పిల్లది. నల్ల పిర్ర, పసుపు తోక. బల్ల పగడం వదలనంది."
"అదే అది! చిన్నప్పుడు అలాగే ఉంటుంది. నువ్వు మీసాలతో పుట్టావా?"
ఊరిపెద్ద దగ్గరికి ఇద్దరం పరిగెత్తాం. "పొద్దున్నే, వలల కంటే ముందు, నాకు చూపించు. ఉంటే కట్టడి ఉంటుంది" అన్నాడు.

శుక్రవారం, సాయంత్రం
ఇవాళ్టి నుంచి యంగోనా బంద్.
బావమరిది ఇంట్లో రోకలి చప్పుడు. నా కోసమే దంచుతున్నాడు, దొంగ వెధవ. ఒక్కసారి వెళ్లి తిట్టి వద్దామని లేచాను.
గుమ్మానికి అడ్డంగా వాసెమాదా కూర్చుంది. పొమ్మన్నాను. పోలేదు.