తల నీ దగ్గర, మొండెం నా దగ్గర

బావకి మరదలి నమస్కారాలు.

రెండు కాలేజీలకీ పాఠాలు చెప్పే మన మాస్టారు పెట్టిన పరీక్షలో నా సగం పూర్తయింది. పెట్టెలోని అస్థిపంజరాన్ని విడదీసి పుర్రె మీ కాలేజీకి, మెడ నుంచి కింది భాగం మా కాలేజీకి పంపారు కదా. ఆ మనిషి ఆడో మగో తేల్చి ఇద్దరం కలిసి ఒక్క నివేదిక ఇవ్వాలి. చెరో మాట రాస్తే ఇద్దరం ఈ ఏడాది తప్పినట్టే.

ఆవిడ ఆడమనిషి బావా. తుంటి ఎముక వెనక గంటులో బొటనవేలు పెట్టి అటూ ఇటూ ఆడించాను, హాయిగా కదిలింది. మగవాళ్లదైతే ఇరుకుగా ఉంటుంది. ముందువైపు ఎముకలు కలిసేచోట కమాను ఎంత విశాలంగా ఉందనుకున్నావు. చూస్తూ కాఫీ చల్లార్చుకున్నాను. నువ్వు సరేనంటే నివేదిక రాసేస్తాను.

ఇట్లు,
మరదలు

తా.క. నిన్న ఆవిడ మోకాలికి నా మోకాలు తగిలితే "సారీ అండీ" అన్నాను.

*

మరదలు పిల్లకి,

ఆవిడెవరు? నా బల్ల మీదున్నది ఆయన. కనుబొమల గట్టు చూస్తేనే లేచి నిలబడాలనిపిస్తుంది. చెవి వెనక ఎముక ఇంత లావు, గడ్డం నలుచదరం. ఈయన్ని పట్టుకుని ఆవిడ అంటే నేను ఒప్పుకోను.

ఇట్లు,
బావ

తా.క. నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

*

మొండి బావకి,

బిడ్డ బయటికొచ్చే దారి తుంటిలో ఉంది, తలలో కాదు. రెండూ తగవుపడితే తుంటి మాటే వినాలని మాస్టారు రెండు కాలేజీల వాళ్లనీ ఒకచోట కూర్చోబెట్టి చెబుతుంటే నువ్వు కిటికీలోంచి చూస్తున్నావు. గడ్డం నలుచదరమైతే మగవాళ్లేనా? అత్తయ్య గడ్డం ఎప్పుడైనా చూశావా?

మెడలో అన్నిటికన్నా పై పూసకి ప్లాస్టర్‌తో అచ్చు తీసి పంపుతున్నాను. నీ పెద్దమనిషిని దానిమీద కూర్చోబెట్టి, ఒళ్లెవరిదో అడుగు.

ఇట్లు,
కోపంతో మరదలు

తా.క. గడ్డం సంగతి అత్తయ్యకి చెప్పకు.

*

మరదలికి,

చెప్పలేదు. ఉత్తరం అమ్మే విప్పింది.

అది అలా ఉంచు. తల కూర్చోలేదు. పుర్రె అడుగున రెండు బొడిపెలుంటాయి కదా, నీ పూస గుంటల్లో అవి పట్టడం లేదు. ఎన్ని రకాలుగా తిప్పినా అంతే. ఈ తల ఆ ఒంటిది కాదు. నీ ఆవిడ ఆవిడే, నా ఆయన ఆయనే. ఇద్దరిదీ ఒప్పే. అచ్చు తీయాలని నాకు తట్టలేదు. నీ బుర్రకి దండం పెట్టాలి.

ఇట్లు,
బావ

తా.క. అమ్మ అద్దం ముందు నుంచి కదలడం లేదు.

*

బావకి,

మాస్టారు మన నివేదిక రెండుసార్లు చదివి, అచ్చు తెప్పించుకుని, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. "చదువుకున్న రోజుల నుంచీ ఒక్కరే అనుకుంటున్నానమ్మా" అని, పెట్టె మీద "ఒకరు" అన్నది కొట్టేసి "ఇద్దరు" అని రాశారు. క్లాసు మొత్తం చూస్తుండగానే. అంతటి మాస్టారు దగ్గర చదువుతున్నాం బావా. ఇద్దరం పాసయ్యాం.

ఇట్లు,
మరదలు

తా.క. ఆయనా ఆవిడా ఇన్నేళ్లు ఒక్క పెట్టెలో సర్దుకున్నారు. మనకైతే ఇంకాస్త పెద్ద ఇల్లు కావాలి. ఆ సంగతి అత్తయ్యతో నువ్వు మాట్లాడు. గడ్డం సంగతి నేను మాట్లాడుకుంటాను.