తాతయ్య ఫాంటు

జూన్ 11
మెయిల్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ తాతయ్య కంప్యూటర్లో ఎక్కించాను. పాత విండోస్ మీద ఎక్కనంది. డిస్కంతా ఖాళీ చేసి, కొత్త విండోస్ వేసి, ఆపైన ఇది. తాతయ్య మెయిళ్లు ముందే పెన్‌డ్రైవ్‌లో దాచాను. బాగుంది కొత్తది— ఉత్తరాలు చీటీల్లా పేర్చి ఉన్నాయి, పక్కన క్యాలెండరు, అక్షరాలు పెద్దవి చేసే మీట. ఆ మీట కోసమే ఇదంతా. తాతయ్య మంచం మీంచే చదవాలి.

పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయాక ఆయన నోట ఒక్క మాటే. "అదే". నీళ్లకీ అదే, నాకూ అదే.

స్పీచ్ థెరపీ మేడమ్: "ఆయన రాసిన మాటలే చూపించండమ్మా. అవే ముందు తిరిగొస్తాయేమో."

జూన్ 12
తెరిచాను. తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, డాలరు గుర్తులు... అన్ని మెయిళ్లూ అంతే.

నేను తాడేపల్లిగూడెం హాస్టల్లో ఉన్నన్నాళ్లూ రోజుకో కొల్లేటి మాట రాసి పంపేవారు. సెలవులకు పెదపాడు వచ్చి ఈ కంప్యూటర్లోనే చదివేదాన్ని. ఆయన తెలుగు కొట్టే ఫాంటు ఇంకెక్కడా లేదు మరి. చదివి, నవ్వి, వదిలేశాను. ఒక్కటీ రాసి పెట్టుకోలేదు.

జూన్ 14
ఏలూరు, పవర్‌పేట. తాతయ్యతో కలిసి చర్చి పత్రిక కంపోజ్ చేసిన డీటీపీ అంకుల్.

"మెయిళ్లు దాచి ఫాంటు దాచలేదా తల్లీ? అది మీ తాతగారు సొంతంగా చెక్కుకున్నదమ్మా. అడిగితే ఇచ్చేవారా! మా దగ్గరెక్కడిది?"

విడిగా దాచుకోవాలని తెలియదు. నాకు తెలియదు.

జూన్ 15
కన్వర్టర్లన్నీ చూశాను. ఏదీ గుర్తుపట్టదు.

జూన్ 16
ఈ కొత్తదాంట్లో పంపిన మెయిల్ వెనక్కి తీసుకోవచ్చట. రేపు వెళ్లేట్టు ఇవాళే రాసిపెట్టవచ్చట. నేను తుడిచేసినదానికి ఏ మీటా లేదు.

జూన్ 18
గుర్తున్నవి: దోనె, చిన్న పడవ. కిక్కిస, నీళ్లలో రెల్లు. గూడబాతు, సంచి ముక్కు పక్షి. మావు, చేపలు పట్టే బుట్ట.

పొద్దున్నే కొల్లేటి నీళ్ల మీద పొగలా లేచేదానికి ఒక మాట రాశారు. నా పుట్టినరోజున వచ్చిన మెయిల్. ఏమిటది?

అమ్మ: "ఊరుకోవే. మనిషి దక్కారు, ప్రభువు దయ. మాటలదేముంది?"

మాటలదేముంది!

జూన్ 21
మానిటరు మంచం వైపు తిప్పాను, ఆ చెత్తతోనే. ఎందుకో తెలియదు.

చాలాసేపు చూశారు. దుప్పటి మీద ఎడమ చేతి వేళ్లు కదిలాయి. వణుకనుకున్నాను. కాదు— టైపు చేస్తున్నారు. ఆ ఇంగ్లీషు అక్షరాలు ఆయన ఒకప్పుడు నొక్కిన మీటలే. ఆయన వేళ్లకు అది తెలుగే.

కీబోర్డు ఒళ్లో పెట్టాను. ఎడమ చెయ్యి కొడుతోంది. కుడిది పడుకునే ఉంది.

"ఆ మీటకి ఏ అక్షరం తాతయ్యా? చెప్పండి."
"అదే."

జూన్ 22
చెల్లి ఒకటో తరగతి పుస్తకం తెచ్చాను. ఆయన మీట నొక్కుతారు. నేను అక్షరమాల మీద వేలు జరుపుతాను. సరైన చోట కళ్లు మూసి తెరుస్తారు. పొద్దంతా కూర్చుంటే కొన్ని తేలాయి. అన్నీ ఎడమ చేతివే.

సాయంత్రం పుట్టినరోజు మెయిల్ తెరిచాను. మాట చిన్నదే. మొదటి మీట ఎడమవైపుది. "త" దగ్గర కళ్లు మూశారు.

మిగతావన్నీ కుడివైపు మీటలు. ఎడమ చేత్తో నొక్కించి చూశాను, ఏ అక్షరం దగ్గరా కళ్లు మూయలేదు; అవి కుడి వేళ్లకే తెలుసు.

ఆయన కుడి చేతిని నేనే ఎత్తి వాటి మీద పెట్టాను. ఎంత బరువు. వేళ్ల వంక చూస్తున్నారు, కోపంగా, వాటిని పిలుస్తున్నట్టు.

"అదే," అన్నారు. "అదే... అదే..."

త—